చింతమాను కింద

మా అమ్మకు గడియారంతో పని లేదు. తొలికోడి కూతకు లేస్తుంది. చింతమాను మీద కాకులు కదిలే వేళకు ప్రార్థన ముగిస్తుంది. గోరింకలు రచ్చ మొదలుపెట్టేసరికి వాకిలి చిమ్మి, చెంబుతో నీళ్లు తెచ్చుకుని, ఆ చింతమాను కిందనే వున్న బండమీద కూర్చుంటుంది. అక్కడ అరగంట సేపు ఏ పనీ చేయదు. చిన్నప్పుడు మేము నవ్వేవాళ్లం. "ఆడ కూచోని ఏం చేస్తావుంటావమ్మా?" అని అడిగితే "చూస్తావుంటా" అనేది. ఏం చూస్తావని అడిగితే చెట్టునూ, చేనునూ, అవతలి గుట్టనూ కలిపి ఒక్కసారి చెయ్యి తిప్పి చూపించేది.

ఆ అరగంటకు అర్థమేమిటో నాకు నలభై దాటిన తర్వాత గాని తెలియలేదు. తెలుగులో ఎం.ఏ. చదివి, ప్రతి ఏడూ పిల్లలకు ప్రకృతి వర్ణన గురించి పాఠం చెప్పేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గుగానే వున్నది.

మాది తలుపుల. కదిరి దగ్గర. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా ఆకాశం మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన మా ప్రాంతానిది. ఆ కొద్దిపాటి వానైనా అడిగిన వేళకు రాదు. మంచి వానలు కురిసిన ఏట మా మండలంలోనే బట్రేపల్లి జలపాతం దూకుతుంది. కదిరి నుంచి జనం సద్దిమూటలతో చూడటానికి వస్తారు. వానలు లేని ఏట ఆ బండలు ఎండలో నల్లగా మెరుస్తూ వుంటాయి. మా వైపు రైతు జీవితమంతా ఈ రెండు దృశ్యాల మధ్యనే.

2023 రెండో రకం ఏడు. ఆ ఏడాది ఆగస్టు నెల, 1901 నుంచి లెక్కలు తీసి చూస్తే, దేశం మొత్తం మీద అన్నింటికంటే తక్కువ వాన పడిన ఆగస్టు. అక్టోబరు నెలాఖరుకు ప్రభుత్వం రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలని ప్రకటించింది. ఆ ప్రకటనలు, ఆ లెక్కలు తర్వాత వచ్చాయి. ఆగస్టులో మాకు తెలిసిందల్లా ఒకటే. నాలుగు ఎకరాల్లో మా తమ్ముడు వేసిన శెనక్కాయ పూతకు వచ్చి ఎండిపోతున్నది.

తమ్ముడు సేద్యం చేస్తాడు, నేను కదిరిలో వుంటాను. రెండేళ్ల కిందట వాడు బోరు వేయించడానికి అప్పు తీసుకున్నప్పుడు హామీదారుగా సంతకం పెట్టింది నేనే. రెండు లక్షలు. ఆ బోరులో నీళ్లు పడలేదు. ఇక నాకు రాత్రిళ్లు నిద్ర లేకుండా పోయింది. రెండు గంటలకు మెలకువ వస్తుంది. వడ్డీ లెక్క వేస్తాను. మా అమ్మాయి చదువు ఖర్చు లెక్క వేస్తాను. రెండూ కూడుతాను. పొద్దున కూడితే వచ్చే మొత్తానికి రాత్రి రెండు గంటలకు కూడితే వచ్చే మొత్తానికి తేడా లేదు గాని, రాత్రిపూట అది పదింతలు కనిపిస్తుంది. ఇటువంటి లెక్కలు వేసినవారు మీలోనూ వుండే వుంటారు.

అయితే అసలు భయం డబ్బు గురించి కాదు. ఆ నెలలో తమ్ముడు మాట్లాడటం మానేశాడు. ఫోను చేస్తే "ఆఁ", "వూఁ", "పెట్టేస్తా అన్నా" అనే మూడు మాటలు. అనంతపురం రైతుల గురించి పత్రికల్లో ఇన్నేళ్లుగా చదువుతున్న వార్తలు మీకు తెలియనివి కావు. ఆ వార్తల్లోని మనిషికి మా వాడి మొహం పెట్టి చూడకుండా వుండటానికి నేను ఎంత పెనుగులాడానో నాకే తెలుసు.

ఆగస్టు చివరి శనివారం వూరికి పోయాను. రాత్రి తమ్ముడు రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. నేను మిద్దెమీద పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక చేని వైపు నుంచి తీతువు అరుపు వినిపించింది. ఒకసారి కాదు, ఆగకుండా, ఏదో తరుముతున్నట్టు. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మన వూళ్లల్లో నమ్మకం గదా. క్రైస్తవ కుటుంబమైనా, మందిరానికి ప్రతి ఆదివారం పోయే ఇల్లే అయినా, ఇటువంటి భయాలు బాప్తిస్మపు నీళ్లకు కొట్టుకుపోవు. కింద వసారాలో మా మరదలు లేచి కూర్చున్నది.

"అత్తా, మూడు రాత్రుల నుంచి ఇట్లే అరుస్తావుంది. ఎవురికి మూడుతుందో ఏమో."

"దానికే ఏదో మూడినట్టుంది. పొద్దున పోయి చూద్దాంలే. పడుకో" అన్నది అమ్మ.

తెల్లారి టార్చి లైటు పెడదామని కొట్టంలోకి పోతే పైన అటక ఖాళీగా వున్నది. పురుగుమందు డబ్బాలు ఎప్పుడూ వుండే చోటు అది. నేను అటు చూడటం అమ్మ చూసింది. "పక్కింట్లో పెట్టిచ్చినా. కావల్సినప్పుడు తెచ్చుకోవచ్చు" అన్నది, ఉప్పు డబ్బా గురించి చెప్పినట్టు. నెల రోజులుగా నేను నోట రానీయని మాటను ఆమె ఎప్పుడో తలపోసి, చేయవలసిన పని చేసి, మళ్లీ తన ప్రార్థనకు, తన చింతమాను కిందికి పోయిందన్నమాట. విశ్వాసం వున్నవాళ్లకు భయం వుండదని అనేవాళ్లు ఆ ఖాళీ అటకను చూసి వుండవలసింది.

"పోదాం రాండి. ఇద్దరూ రాండి" అని అమ్మ ముందు నడిచింది. తమ్ముడు చెప్పులు వేసుకోకుండానే వెనక వచ్చాడు.

చేని గట్టుకు రాగానే తీతువు లేచింది. రెండు పక్షులు. గోధుమరంగు వీపు, నల్లటి ఎద, పొడుగాటి పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు. మా నెత్తిమీదనే గిరికీలు కొడుతూ ఒకటే అరుపు. "దగ్గరికి పోతే దొరకదు. దూరంగా కూచోని మనల్ని మరిచిపోనియ్యాల" అన్నది అమ్మ. వేపచెట్టు కింద ముగ్గురం కూర్చున్నాం. పది నిమిషాలు గడిచాయి. పక్షులు దిగాయి. ఒకటి కాస్త పరుగెత్తి ఆగుతుంది, తల అటూ ఇటూ తిప్పుతుంది, మళ్లీ పరుగెత్తి ఆగుతుంది. మమ్మల్ని తప్పుదారి పట్టించడానికి రెండుసార్లు ఉత్తచోట కూర్చుని లేచింది. మూడోసారి ఒకచోట రెక్కలు సర్దుకుని కూర్చుని లేవలేదు.

"అదో, ఆడ" అన్నాడు తమ్ముడు. ఆ నెలలో వాడు తనంతట తాను అన్న మొదటి మాట అదేనని నాకు తర్వాత తోచింది.

మెల్లగా పోయి చూశాం. గూడు లేదు. తీతువు గూడు కట్టదు. ఎండిన శెనక్కాయ సాళ్ల మధ్య, గులకరాళ్ల నేలమీద చిన్న గుంట. అందులో నాలుగు గుడ్లు, కొసలన్నీ లోపలికి పెట్టి పేర్చినట్టు. మట్టిరంగుమీద నల్లటి మచ్చలు. కళ్లముందే వున్నా, చూపు ఒక్కసారి తిప్పుకుంటే మళ్లీ వెతుక్కోవలసిందే. రాత్రి ఏ నక్కో కుక్కో చేనులోకి వస్తే అది గుడ్ల కోసం అరుస్తున్నది. మూడు రాత్రులుగా మా మరదలిని వణికించిన అపశకునం ఒక తల్లి కావలి కాయటం.

"రేపు ట్రాక్టరు పిలిచినా. దున్నేసి వులవలు చల్లుదామని" అన్నాడు తమ్ముడు. కాసేపు గుడ్లవైపు చూశాడు. తర్వాత గట్టుమీద నుంచి నాలుగు రాళ్లు తెచ్చి, కాస్త ఎడంగా నాలుగు మూలలా పెట్టాడు. "ఇంత చోటు వదిలేస్తే ఏం పాయె" అని వేపచెట్టు కిందికి వచ్చి కూర్చున్నాడు. కూర్చుని, నేను అడగకుండానే, నేలమీద పుల్లతో గీస్తూ చెప్పటం మొదలుపెట్టాడు. నాకు తెలిసిన రెండు లక్షలే కాదు. మొదటి బోరు ఎండిపోతే రెండోది వేశాడు, ఏడు వందల అడుగులు. అందులోనూ దుమ్మే. దానికి బయట వడ్డీకి తెచ్చాడు. విత్తనాలకు మరొకచోట. అంతా కలిపి నాలుగు లక్షల అరవై వేలు. "నీకు చెప్పేకి మొగం చెల్లలేదన్నా" అన్నాడు.

అమ్మ మాట్లాడలేదు. తీతువు వైపు చూస్తూ కూర్చున్నది.

ఆ మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చాక నేను అమ్మతో వాదం పెట్టుకున్నాను. అమ్మకు చదవటం రాదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం మాత్రం మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. యేసు కొండమీద చేసిన ప్రసంగంలోని భాగమది. ఏం తిందుమో, ఏం కట్టుకొందుమో అని బెంగపడవద్దంటాడు. విత్తని, కోయని పక్షులను దేవుడు పోషిస్తున్నాడంటాడు. నూలు వడకని పూలకు వున్న సింగారం సొలొమోను మహారాజుకైనా లేదంటాడు. "చింతపడొద్దని చెప్పటం తేలికేనమ్మా. అప్పులవాడు ఆ మాట వింటాడా?" అన్నాను.

"వొద్దని వూరికే చెప్పి పోలేదు గదరా. ఎట్ల పడకుండా వుండాల్నో కూడా చెప్పినాడు. చూడమన్నాడు" అన్నది అమ్మ.

ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం విన్నాను, చదివాను. చూడమన్నది ఒక ఆజ్ఞ అని ఎన్నడూ తోచలేదు. ఉపమానం కోసం పక్షుల్ని, పూలను వాడుకున్నాడని, అలంకారశాస్త్రం చదువుకున్న బుద్ధితో అనుకుంటూ వచ్చాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. గ్రీకు మూలంలో పక్షుల దగ్గర వాడిన క్రియకు తేరిపార చూడటమని అర్థం. పూల దగ్గర వాడిన క్రియ ఇంకా బలమైనది. బాగా పరిశీలించి నేర్చుకోవటం, పాఠంలా నేర్చుకోవటం. కొత్త నిబంధన మొత్తంలో ఆ క్రియ ఈ ఒక్కచోటనే కనిపిస్తుంది. ఇంగ్లండులో జాన్ స్టాట్ అనే ప్రసిద్ధ బోధకుడు వుండేవాడు, 2011లో పోయాడు. ఆయన జీవితమంతా దుర్భిణి మెడలో వేసుకుని పక్షుల్ని చూసినవాడు. పక్షుల్ని చూడటం తనకు సరదా మాత్రమే కాదు, ప్రభువు ఆజ్ఞ కూడా అని ఈ వాక్యాన్నే చూపించి, పక్షులే మన గురువులని 1999లో ఒక పుస్తకం వెలువరించాడు. మా అమ్మ ఆ పుస్తకం పేరైనా వినలేదు.

లూకా సువార్తలో ఇదే మాట వచ్చినచోట ఉత్త పక్షులు కావు, కాకులు. యూదుల ధర్మశాస్త్రంలో కాకి తినకూడని పక్షి, అపవిత్రమైనది. ఏ పావురాన్నో గువ్వనో కాక, నలుగురూ అదిలించే కాకిని చూడమనటంలో గొప్ప చమత్కారం వున్నది. మన ఇళ్లల్లో కాకి సంగతి చెప్పనక్కరలేదు. పిండం పెట్టిన రోజు తప్ప తక్కిన రోజులన్నీ దానికి రాళ్లే.

మరొక ముచ్చట కూడా చెప్పాలి. మత్తయిలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి గదా, ఐదోది ఏమిటి? మన సంతలో ఏ ఇల్లాలినైనా అడగండి, చెబుతుంది. అది కొసరు! వెల కూడా లేని ఆ కొసరు పిచ్చుకను సైతం దేవుడు మరచిపోడని అక్కడి భావం. ఇంత మంచి తెలుగు మాట ఆ సందర్భానికి సిద్ధంగా వుండగా మన వ్యాఖ్యాతలు దాన్ని ఎక్కువగా వాడుకోలేదేమని నాకు చిన్న కినుక.

ఇది క్రైస్తవుల సొంత భావమని కూడా అనుకోను. పంచతంత్రంలో టిట్టిభం కథ మీకు గుర్తుండే వుంటుంది. సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టిన పక్షి. సముద్రం వాటిని ఎత్తుకుపోతే పక్షులన్నీ గరుత్మంతుడికి మొరపెట్టుకుంటాయి, విష్ణువు దిగి వచ్చి గుడ్లు ఇప్పిస్తాడు. ఆ టిట్టిభం మరెవరో కాదు, మా చేనులోని తీతువే. మన జాషువాగారు, 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కవి, 1941లో వచ్చిన తన కావ్యంలో అంటరానివాడి గోడు కాశీలోని శివుడికి చెప్పిరావటానికి ఏ హంసనూ పంపలేదు, గబ్బిలాన్ని పంపాడు. దిక్కులేని మనిషి దగ్గరికి వచ్చేది ఎవరూ పిలవని ప్రాణేనన్న సంగతి ఆయనకు తెలుసు.

అయితే పక్షులు చావవా? కరువు వస్తే అవీ చస్తాయి. ఈ ప్రశ్న నేను వేయకపోతే పాఠకులు వేస్తారు. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే పల్లె వున్నది. ఏటా చలికాలం చివర పెద్ద పెద్ద కొంగలు, పసుపు ముక్కు, రెక్కల చివర గులాబి రంగు, వచ్చి వూళ్లోని చెట్లమీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని పోతాయి. పత్రికలు వాటిని సైబీరియా కొంగలంటాయి గాని అది పొరపాటు. అవి మన దేశపు పక్షులే, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. వూరివాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, ఎవర్నీ రాయి వేయనివ్వరు. అవి వస్తే వానలు బాగుంటాయని వారి నమ్మకం. 2024 మొదట్లో అమ్మను తీసుకుని అన్నదమ్ములం ఇద్దరం అక్కడికి పోయాం. చెట్టు కింద ఒక గూటినుంచి పడి చచ్చిన పిల్ల వున్నది. చెరువులు ఎండిన ఏళ్లలో ఇవి తక్కువగా వస్తాయని అక్కడి ముసలాయన చెప్పాడు. నేను అమ్మవైపు చూశాను. దీనికి ఏమంటావన్నట్టు.

"పిచ్చిక పడదని ఎప్పుడు చెప్పినాడు? పడినప్పుడు తండ్రికి తెలుస్తుందని చెప్పినాడు" అన్నది అమ్మ.

ఆ జవాబు అందరికీ సరిపోతుందని చెప్పను. నాకు కొన్నిరోజులు సరిపోతుంది, కొన్నిరోజులు సరిపోదు.

చూపు గురించి మా జిల్లాలోనే జరిగిన ఒక కథ చెబుతాను. లండన్ మిషనరీ సొసైటీ తరఫున మన రాయలసీమలో పనిచేసిన హోవర్డ్ కాంబెల్ అనే మిషనరీ సువార్త చెబుతూనే పిట్టల్ని, చిమ్మటల్ని వెతుక్కుంటూ తిరిగేవాడు. తెలుగు నేర్చుకుని మన వేమన మీద ఇంగ్లీషులో వ్యాసం కూడా రాశాడు. వేమన సమాధి వున్న కటారుపల్లె మాకు దగ్గరే గనుక ఈ దొరమీద నాకు కాస్త అభిమానం ఎక్కువ. 1900లో ఆయన అనంతపురం దగ్గర కలివికోడిని చూశాడు. అంతకు ముందు 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి తెలియజేసిన పక్షి అది. పగలు ముళ్లపొదల్లో దాగి రాత్రి తిరుగుతుంది. కాంబెల్ తర్వాత మరెవరూ చూడలేదు. పెద్ద పెద్ద పండితులు వచ్చి వెతికి, ఈ జాతి అంతరించిందన్నారు. 1986 జనవరిలో, ఎనభై ఆరేళ్ల తర్వాత, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. పట్టి తెచ్చింది శాస్త్రజ్ఞుడు కాదు, ఒక పల్లెటూరి మనిషి. బొంబాయి నుంచి వచ్చిన పరిశోధకుడు బొమ్మ చూపించి అడిగితే, తెలిసిన పిట్టేనన్నట్టు రాత్రివేళ పోయి పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్లూ ఆ పక్షి అక్కడనే వున్నది. దాని కోసం లంకమలలో అభయారణ్యం, తపాలా బిళ్ల, అన్నీ తర్వాత వచ్చాయి.

మా తమ్ముడి అప్పు కూడా రెండేళ్లు మా ఇంట్లో అట్లాగే వున్నది. నేను నా చింత నేను చూసుకున్నాను గాని వాణ్ణి చూడలేదు.

చింత చేసే పని అదేనేమో. చూపును లోపలికి లాగి అక్కడ కట్టిపడేస్తుంది. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు కూడా తమ పద్ధతిలో పట్టుకున్నారు. అమెరికాలో 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు కొందరిని తొంభై నిమిషాలు చెట్లూ గడ్డీ వున్నచోట, మరికొందరిని వాహనాలు పోయే రోడ్డు పక్కన నడిపించారు. చెట్లమధ్య నడిచినవారిలో, జరిగినదాన్నే తలలో మళ్లీ మళ్లీ తిప్పుకునే గుణం తగ్గినట్టు తేలింది. మెదడులో అందుకు సంబంధించిన భాగం కూడా కాస్త నెమ్మదించింది. అంతకు చాలా ముందు, 1984లో, రోజర్ ఉల్రిచ్ అనే ఆయన ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లోని రోగులు, ఇటుక గోడ కనిపించే గదుల్లోని వారికంటే త్వరగా ఇంటికి పోయారని, గట్టి నొప్పిమందులు తక్కువ తీసుకున్నారని రాశాడు.

అట్లాగని పిట్టల్ని చూస్తే అన్నీ పోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. వారాల తరబడి నిద్ర, ఆకలి లేనివారు, బతుకు మీద విరక్తి పుట్టినవారు వైద్యుడి దగ్గరికి పోవలసిందే. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవవారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. మా అమ్మ కూడా ప్రార్థన చేసుకుంటూనే మందు డబ్బాలు పక్కింటికి చేర్చింది గదా.

తమ్ముడి సంగతి చెప్పాలి. ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురం కాగితం మీద అన్నీ రాశాం, ఎవరికి ఎంత, ఏ వడ్డీకి. రాస్తే నాలుగు లక్షల అరవై వేలు నాలుగు లక్షల అరవై వేలుగానే వున్నది, పెరగలేదు. బయటి వడ్డీ అప్పు ముందు తీర్చాలని నిర్ణయించి, రోడ్డుపక్క అరెకరం అమ్మాం. అమ్మిన రోజు అమ్మ అన్నం తినలేదు. ఆమె పుట్టింటివారు ఇచ్చిన నేల అది. మిగిలినదానికి నా భవిష్యనిధిలోంచి కొంత తీశాను. ఇంకా లక్షా పదివేలు వున్నది. నేనిప్పుడూ కొన్ని రాత్రులు రెండు గంటలకు లేస్తాను. లేచినప్పుడు మేడమీదికి పోయి నిలబడతాను. కదిరిలో పెద్దగా ఏమీ కనిపించదు, గుడ్లగూబ ఒకటి వీధిదీపం దగ్గర పురుగుల కోసం వస్తుంది. దాన్ని చూస్తాను. లెక్క మధ్యలో తెగిపోతుంది.

వుదయం నడకకు పోయే దారిలో తుమ్మిపూలు పూస్తాయి, తెల్లగా, చిటికెనవేలి గోరంత. యేసు చూడమన్న పూలు ఏవో ఎవరికీ కచ్చితంగా తెలియదు. గలిలయ కొండలమీద వసంతంలో పూసే ఎర్రటి అనిమోనీలు కావచ్చునని కొందరు వృక్షశాస్త్రజ్ఞులంటారు. నా మటుకు తుమ్మిపువ్వు చాలు. అయితే ఒక విషయం. ఆ వాక్యంలోనే, ఇవాళ వున్న గడ్డి రేపు పొయ్యిలోకి పోతుందని కూడా వున్నది. పల్లెటూరివాడు అన్న మాట అది. మా ఇంట్లో శెనక్కాయ పొట్టుతో నీళ్లు కాచే అమ్మకు ఆ మాట విప్పి చెప్పే పనిలేదు.

ఆ ఏడు తీతువు గుడ్లు నాలుగింటిలో మూడు పిల్లలయ్యాయి. వులవల చేనులో, నాలుగు రాళ్ల మధ్య ఆ కాస్త చోటూ దున్నకుండా వుండిపోయింది. పిల్లలు పుట్టిన రోజే తల్లి వెంట పరుగెత్తాయని, రెండు అగ్గిపుల్లలమీద దూదివుండ పెట్టినట్టు వున్నాయని తమ్ముడు ఫోనులో చెప్పాడు. మూడు మాటలకంటే ఎక్కువే చెప్పాడు.

మరుసటి వేసవి చివర, విత్తనాలకు ముందు, ఒక తెల్లవారుజామున ఫోను మోగింది. ఆ వేళప్పుడు తలుపుల నుంచి ఫోను వస్తే నా గుండె ఇప్పటికీ ఒక్కసారి ఆగుతుంది.

"అన్నా, మళ్లీ వచ్చినాయి. ఈసారి గట్టుకు దగ్గిరగా పెట్టింది" అన్నాడు.

"ఎన్ని?"

"మూడు. ఇంకోటి పెడుతుందేమో. అమ్మ చూస్తావుంది."

వెనకనుంచి తీతువు అరుపు, దాని మీదుగా "గట్టిగా మాట్లాడొద్దురా" అని అమ్మ గొంతు వినిపించాయి.